నల్లరంగు మీద నెపం

మలం చూస్తే నాకు అసహ్యం వెయ్యదు. పన్నెండేళ్ళుగా బందరులో ఒక చిన్న లేబొరేటరీలో నా పని అదే. పొద్దున్నే తలుపులు తీసేసరికి గుమ్మం ముందు నలుగురైదుగురు అగ్గిపెట్టెలు పట్టుకుని నిలబడి ఉంటారు. కొందరు వాటిని కాగితంలో చుట్టి, పైన దారం కట్టి, తల పక్కకు తిప్పుకుని నా చేతిలో పెడతారు. తీసుకుంటాను, పేరు రాసి అంటిస్తాను, పుల్లతో కలుపుతాను. మధ్యాహ్నం చేతులు సబ్బుతో కడుక్కుని ఆ పక్క గదిలోనే గోంగూర పచ్చడి కలుపుకుని తింటాను. నాకు అసహ్యం పుట్టించేవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది ఒక పిప్పరమెంట్ల సీసా.

ఆ సీసా మా పెడనలో భూషణం గారి అద్దకం షెడ్డులో, టీ గ్లాసుల పళ్ళెం పక్కన ఉండేది. దాని గురించి చెప్పాలంటే ముందు మా బాబాయి గురించి చెప్పాలి.

మా బాబాయి పేరు చిన్నారావు. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆయన ఇంట్లో ఉంటూనే రోజూ బందరు వెళ్ళొస్తాను. భూషణం గారి షెడ్డులో నలభై ఏళ్ళుగా కలంకారీ అచ్చు కొడుతున్నాడు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, దాని నెత్తిన పిడికిలితో గుద్దాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుద్దుతూనే ఉండాలి. అరవై ఏళ్ళు వచ్చేసరికి ఆయన కుడి మణికట్టు ఉబ్బిపోయింది, భుజం పైకి లేవడం మానేసింది. అయినా ఆయన్ని ఎవరూ ఇంటికి పొమ్మనలేదు. ఎందుకంటే నల్లరంగు ఆయన చేతిలో ఉంది, అంటే ఆయన నాలిక మీద ఉంది.

తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లం నీళ్ళలో వేసి, కుండల్లో మూడు వారాలు పులియబెడితే నల్లరంగు తయారవుతుంది. ముందే తీస్తే గుడ్డ మీద బూడిదలా పడుతుంది. మరీ ముదిరిపోతే గుడ్డనే తినేస్తుంది. ఎప్పుడు తియ్యాలో చెప్పేది బాబాయి. వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పక్కకు ఉమ్మేసి, "ఇంకా నాలుగ్రోజులు" అంటాడు. ఆ మాట వచ్చాక భూషణం గారు కూడా కుండ మూత ముట్టుకునేవారు కాదు. నలభై మంది పనిచేసే చోట ఆయనకున్న పరువంతా అదే.

తొంభై ఏడు వానాకాలంలో విదేశాల నుంచి దుప్పట్లకీ పరదాలకీ పెద్ద ఆర్డరు వచ్చింది. గడువు తక్కువ. రోజూ ఇద్దరో ముగ్గురో చేతులు పట్టేశాయని, నడుం పట్టేసిందని పనిలోకి రావడం మానేసేవారు. భూషణం గారు ఆలోచించి, తెలిసిన మందుల దుకాణం నుంచి వెయ్యి బిళ్ళల డబ్బా తెప్పించారు. డైక్లోఫెనాక్ బిళ్ళలు. వాపుకీ నొప్పికీ వేసుకునేవి. వాటిని పిప్పరమెంట్ల సీసాలో పోసి, పొద్దున టీతో పాటు మనిషికొకటి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎర్రగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేవి. నొప్పి గట్టిగా ఉందన్న వాళ్ళకి రెండోది కూడా ఇచ్చేవారు. అడిగి ఇచ్చేవారు పాపం, కొసరు వడ్డించినట్టు.

మా వాళ్ళకొక అలవాటుంది. తొలి గుడ్డ పూర్తయ్యేదాకా ఏమీ తినరు. పొట్ట నిండితే బల్ల మీదికి వంగడం కష్టమనీ, అచ్చు వంకర పడుతుందనీ అంటారు. అందుకని ఆ ఎర్రబిళ్ళ ప్రతి పొద్దునా ఖాళీ కడుపులోనే పడేది, ఐదారు నెలల పాటు. గుడ్డలు కాలవలో ఉతికే ఆడవాళ్ళక్కూడా ఇచ్చేవారు. వాళ్ళలో పెద్దది రావమ్మ. నడుం లోతు నీళ్ళలో నిలబడీ నిలబడీ ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో పోయాయి.

భూషణం గారు చెడ్డవారు కాదని మా ఊళ్ళో అందరూ అంటారు. నిజమే కావచ్చు. ఎవరి కడుపులో ఏం జరుగుతోందో అడక్కుండా బతకగలిగినవాళ్ళెవరూ ఊళ్ళో చెడ్డవాళ్ళ కింద లెక్క కారు.

ఇక నా సంగతి. కార్తీకమాసంలో ఒకరోజు బాబాయి మణికట్టు నొప్పికి నిద్ర పట్టడం లేదన్నాడు. నేను మర్నాడు లేబు పక్కనున్న దుకాణంలో ఇబుప్రొఫెన్ బిళ్ళల అట్టలు రెండు కొని తెచ్చిచ్చాను. పొద్దునొకటి సాయంత్రమొకటి వేసుకోమన్నాను. తిని వేసుకోమని చెప్పలేదు. ఎన్నాళ్ళు వేసుకోవాలో చెప్పలేదు. ఇప్పటికే ఇంకేమైనా బిళ్ళలు వేసుకుంటున్నావా అని అడగలేదు. కడుపులో మంటకి ఆయన ఏళ్ళ తరబడి వంటసోడా తాగుతున్నాడని నాకు తెలుసు. అదీ గుర్తు రాలేదు. అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చిచ్చాను. పక్కనే డాక్టరు గారున్న చోట, తెల్లకోటు వేసుకుని పనిచేసే నేను, బఠాణీలు కొనిచ్చినట్టు కొనిచ్చాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మాఘమాసం వచ్చేసరికి బాబాయి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మా ఇంటి మూడు మెట్లు ఎక్కి, స్తంభం పట్టుకుని రొప్పేవాడు. విరోచనం బొగ్గులా నల్లగా అవుతోందని మా సరోజిని పిన్ని చెప్పింది. ఆ చెప్పడంలో భయమేమీ లేదు. రంగు నాకుతాడు కదా, అందుకని అంది. షెడ్డులోనూ అదే మాట, అదే నవ్వు. "చిన్నారావు బావకి రంగు దిగుతోందిరా" అని వేళాకోళం చేసేవారు. బాబాయి కూడా నవ్వేవాడు. పైగా అందులో కొంత నిజం ఉంది. ఇనుము కడుపులోకి వెళ్తే మలం నల్లగానే వస్తుంది. గర్భిణీలకిచ్చే ఐరన్ మాత్రలకీ అంతే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు వచ్చింది. కడుపులో నెత్తురు కారినా నల్లగానే వస్తుంది. తేడా ఏమిటో పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఒక అగ్గిపెట్టెలో తెచ్చివ్వు బాబాయ్ అని అడిగాను. ఆయన కంచం తోసేసి లేచాడు.

"నా నాలిక సంగతి నీకెందుకు?" అన్నాడు.

నేను అడిగింది నాలిక గురించి కాదు. ఆ జవాబు నాకు వింతగానే తోచింది కానీ, అసహ్యించుకుంటున్నాడు కాబోలనుకున్నాను. మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు మెట్ల మీద కూలబడి, లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఇక ఆగితే ఈ మనిషి దక్కడని నాకు అర్థమైంది.

అప్పట్లో మా పేటలో సగం ఇళ్ళకి మరుగుదొడ్లు లేవు. మగవాళ్ళు తెల్లవారుజామున కాలవ గట్టు మీది తుమ్మచెట్ల చాటుకి వెళ్ళేవారు. ఆడమనిషి ఆ వైపు తొంగిచూడటం కూడా ఉండదు. మర్నాడు తెల్లవారుతుండగా బాబాయి చెంబు పట్టుకుని బయల్దేరితే, నేను వెనకాలే వెళ్ళాను. గట్టు మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు నన్ను చూసి పంచెలు సర్దుకుని పరుగందుకున్నారు. ఒకడు తిట్టాడు కూడా. బాబాయి పని ముగించుకుని నీళ్ళ దగ్గరికి దిగాక, నేను తుమ్మచెట్టు వెనక్కి వెళ్ళి ఎండుపుల్ల ఒకటి విరిచి, వంగి, అగ్గిపెట్టెలోకి తీశాను.

తీస్తుండగానే వాసన తెలిసింది. నెత్తురు కుళ్ళిన వాసన ఒకటుంటుంది. లేబు పనిలో అది నాకు బాగా ఎరుకే. తారులా జిగటగా, మెరుస్తూ ఉంది. ఇనుము తిన్నవాళ్ళది అలా మెరవదు, అలా కంపు కొట్టదు.

తలెత్తేసరికి ఎదురుగా రావమ్మ. నెత్తిన గుడ్డల మూట పెట్టుకుని రేవుకి వస్తోంది. నా చేతిలోని అగ్గిపెట్టెనీ పుల్లనీ చూసింది. ఛీ అని నేల మీద ఉమ్మేసింది. "చదువుకున్నదానివి, నీకేం పోయేకాలమే" అంది. బాబాయి నీళ్ళలోంచి తిరిగి చూసి, నన్ను గుర్తుపట్టి, ముఖం కిందికి దించేసుకున్నాడు. ఇక నాకు పెళ్ళయినా కాకపోయినా ఆ ఊళ్ళో నా మర్యాద ఆ పూటతో చెల్లిపోయింది.

మొదటి బస్సుకే బందరు వెళ్ళాను. పక్క సీటావిడకి వాసన తగిలిందేమో, బందరు దాకా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే కూర్చుంది. లేబు తాళం తీసి, చున్నీ నడుముకి బిగించి, పరీక్షకి కూర్చున్నాను. నీళ్ళలో కలిపి, బెంజిడిన్ ద్రావకం వేసి, పైన రెండు చుక్కలు పెరాక్సైడు వేస్తే, నెత్తురున్న చోట నీలం తిరుగుతుంది. కొద్దిగా ఉంటే నిమిషం పట్టవచ్చు. చేపలు తిన్నా కాస్త ఛాయ రావచ్చు. ఇది అలా కాదు. చుక్క పడటమే తడవు, నాళికంతా సిరా ఒలికినట్టు ముదురు నీలం అయిపోయింది.

నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఆటో మాట్లాడుకుని తిరిగి పెడన వెళ్ళి, షెడ్డులో బల్ల మీద తల వాల్చి ఉన్న బాబాయిని లేవదీసి, ఎవరు వద్దన్నా వినకుండా బందరు తీసుకొచ్చి, మా లేబు పక్కనున్న డాక్టరు గారి నర్సింగ్ హోమ్‌లో పడేశాను. దారిలో ఒకసారి వాంతి చేసుకున్నాడు. అది కూడా కాఫీ పొడి కలిపిన నీళ్ళలా ఉంది. నెత్తురు పరీక్ష నేనే చేశాను. హిమోగ్లోబిన్ ఐదున్నర. మనిషికుండాల్సినదాంట్లో సగం కూడా లేదు. రెండు సీసాల నెత్తురు ఎక్కించారు. అందులో ఒకటి నాది.

ఏమేం బిళ్ళలు వాడారని డాక్టరు గారు అడిగినప్పుడు, నేను నా అట్ట చూపించాను. పిన్ని కొంగు ముడి విప్పి, బాబాయి ఇంటికి తెచ్చుకున్న ఎర్రబిళ్ళలు మూడు చూపించింది. అవి చూసేదాకా ఆ షెడ్డు సీసా సంగతి నాకు తెలియదు. డాక్టరు గారు రెంటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని నా వైపు చూశారు.

"పేర్లే వేరు జ్యోతిర్మయీ, రెండూ ఒక కుదురువే" అన్నారు. "ఒకదాని మీద ఇంకోటి వేసుకోకూడదని నీకు కూడా తెలీదా?"

తెలుసు. తెలిసీ అడగలేదు. తల వంచుకున్నాను. ఈ మందు చెడ్డది కాదనీ, నాలుగు రోజుల నొప్పికి, ఏదైనా తిని, తక్కువలో తక్కువ వేసుకుంటే మంచి మందేననీ ఆయన పిన్నికి చెప్పారు. అరవై దాటినవాళ్ళూ, కడుపులో పుండో మంటో ఉన్నవాళ్ళూ, బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోకూడదట. నెలల తరబడి రోజూ మింగితే కడుపు లోపలి పొర ఒరుసుకుపోయి పుండు పడుతుందట. నల్లగా, జిగటగా విరోచనమైతే మందు ఆపి, ఆ రోజే ఆసుపత్రికి రావాలట. పిన్ని అన్నిటికీ తలూపింది. తరువాత ఆయన బాబాయి వైపు తిరిగి, ఆ రంగు ఎంతెంత నాకుతుంటావని అడిగారు. బాబాయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు భూషణం గారు వచ్చారు. డజను బత్తాయిలు తెచ్చారు. చేతిలో ఎప్పుడూ ఆడించే అగ్గిపెట్టె ఆసుపత్రిలో కూడా ఆడిస్తూనే ఉన్నారు. ఆయన చాలా బాధపడ్డారు. ఖర్చు తనదేనన్నారు. తప్పు ఎక్కడ జరిగిందో తనకి అర్థమైందని కూడా అన్నారు.

"పరగడుపున ఇవ్వడం పొరపాటేనమ్మా. ఇకనుంచి ముందు ఇడ్లీ పెట్టి, ఆ తర్వాతే బిళ్ళ ఇస్తాను."

రెండిడ్లీలు పెడితే ఏళ్ళ తరబడి రోజూ ఇవ్వచ్చని ఆయనకి అర్థమైంది. పనివాళ్ళకి టిఫిను పెడుతున్నందుకు కాస్త గర్వం కూడా కనిపించింది. నాకు అసహ్యం వేసింది అక్కడ. తింటే మంట తగ్గుతుందేమో గానీ పుండు పడకుండా ఆపదనీ, అందరికీ ఒకే బిళ్ళ పంచడానికి అది ప్రసాదం కాదనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, "చిన్నారావంటే రంగు నాకుతాడు కాబట్టి ఇలా అయ్యింది గానీ, మిగతావాళ్ళు బాగానే ఉన్నారుగా" అని వెళ్ళిపోయారు.

ఇరవై రోజులకి బాబాయి లేచి తిరిగాడు. షెడ్డుకి వెళ్తానన్నాడు. అచ్చు కొట్టడానికి కాదు, కుండలు చూడటానికి. కొత్త రంగు మూడో వారంలో పడింది, ఆయన మాట కోసం అందరూ చూస్తున్నారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. నాకు ఆ సీసా చూడాలని ఉంది.

ఉంది. అక్కడే ఉంది, నిండుగా ఉంది. పక్కన ఇడ్లీల గిన్నె కొత్తగా వచ్చి చేరింది. భూషణం గారు అక్కడే నిలబడి అగ్గిపెట్టె ఆడిస్తున్నారు. జనం వరసగా ఇడ్లీ తింటున్నారు, చెయ్యి తుడుచుకుంటున్నారు, సీసాలో వేలు పెడుతున్నారు. నేను ఉన్నదంతా చెప్పాను. నీలం తిరిగిన నాళిక గురించి చెప్పాను. లేబులో కాగితం మీద రాసిచ్చేటంత శుభ్రంగా చెప్పాను. కొందరు ముక్కు మూసుకున్నారు. తింటుండగా ఆ మాటలేమిటని ఒకరు విసుక్కున్నారు. గట్టు మీద నా సంగతి గుర్తుచేసి ఒకడు నవ్వాడు, నవ్వు వరసంతా పాకింది. రావమ్మ వాళ్ళ మధ్యే నిలబడి బిళ్ళ అరచేతిలో దొర్లిస్తోంది. రంగు నాలిక మీద పెట్టుకునేది చిన్నారావొక్కడే కదా, మాకేమిటని భూషణం గారి మాటనే మళ్ళీ అప్పజెప్పారు.

బాబాయి కుండల దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. నవ్వులు ఆగిపోయాయి. చూపుడు వేలు రంగులో ముంచాడు. చెయ్యి పైకెత్తాడు. నోట్లో పెట్టుకోకుండా ఆ చేతిని అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"ముంచింది ఈ వేలు" అన్నాడు. తరువాత పక్కనున్న నడిమి వేలు నోట్లో పెట్టుకుని తీశాడు. "చప్పరించేది ఈ వేలు. దసరా నుంచీ ఇంతే."

ఎవరికీ అర్థం కాలేదు. నాక్కూడా కాలేదు. ఆయన నెమ్మదిగా, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. ఎర్రబిళ్ళలు మొదలైన రెండు నెలలకే కడుపులో నిప్పులు పోసినట్టుండేదట. రంగు పులుపు నాలిక్కి తగిలితే పేగులు నోట్లోకి వచ్చేవట. అందుకని నాకడం మానేసి, వాసన చూసి, నురగ చూసి గుడ్డిగా చెప్పేవాడట. కార్తీకంలో ఒక తడవ గుడ్డంతా బూడిదరంగు పడి, తప్పు ముందుగా గుడ్డ నానబెట్టే కరక్కాయల నీళ్ళ మీదికి పోయింది. ఆ తప్పు తనదేనన్నాడు. నలభై ఏళ్ళ పరువుని ఆ కుండ ముందు నిలబడి తనే ఊడదీసుకుంటుంటే, నాకు ఆయన్ని ఆపాలనిపించింది.

"నల్లగా అవుతోందని మీరంతా నవ్వుతుంటే నాకు హాయిగా ఉండేది" అన్నాడు చివరికి. "ఇంకా నాకుతూనే ఉన్నాననుకుంటున్నారు గదా అని. అది రంగు కాదని నాకొక్కడికే తెలుసు."

భూషణం గారి చేతిలో అగ్గిపెట్టె ఆగిపోయింది. నాకు బాబాయి మీద జాలీ, ఆ నవ్విన నోళ్ళ మీద రోతా ఒకేసారి వచ్చాయి. ఆ నోళ్ళలో ఒకటి నాది కూడా. అనుమానం వచ్చేదాకా ఆ వేళాకోళానికి నేనూ ఒకటి రెండు సార్లు నవ్వినదాన్నే.

రావమ్మ అరచేతిలో బిళ్ళని చూసుకుంటూ ముందుకు వచ్చింది. నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అంది గానీ, వరసలో అందరికీ వినిపించింది.

"నేనెన్నడూ కుండ దగ్గరికే పోలేదు గదమ్మా. మరి నాకెందుకవుతోంది నల్లగా?"

ఎన్నాళ్ళ నుంచని అడిగాను. మహాలయపక్షాల నుంచని చెప్పింది. గుడ్డలు ఉతుకుతుంటే రంగు చేతుల్లోంచి ఒంట్లోకి దిగుతోందనుకుందట. ఇంకెవరికైనా అవుతోందా అని నేను వరస వైపు చూశాను. ఇద్దరు తల దించుకున్నారు. ఒకాయన తింటున్న ఇడ్లీని గిన్నెలో పెట్టేశాడు.

నేను భూషణం గారి ముందుకు వెళ్ళి చెయ్యి చాపాను. సీసా అడుగుతున్నాననుకుని ఆయన దాని మీద చెయ్యి వేశారు.

"అది తర్వాతండీ" అన్నాను. "ముందు ఆ అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పుల్లలన్నీ చొక్కా జేబులోకి ఒంపుకుని, ఖాళీ పెట్టె నా చేతిలో పెట్టారు. నేను దాన్ని రావమ్మకిచ్చాను. ఆవిడ ఈసారి ఉమ్మలేదు. పెట్టె కొంగున ముడి వేసుకుని, రేపు పొద్దున మొదటి బస్సుకి నాతో వస్తానంది.